చేబదులు

నవంబరు. పదూవా శివార్లలో పొగమంచు
మొక్కజొన్న మోళ్ళ మీంచి లేచి
సైకిల్ స్టాండు దాకా వచ్చి ఆగింది.
హాలు లోపల ఋతువులుండవు.
పంపులు రాత్రీ పగలూ ఒకే గొంతుతో
ఏమీ లేనితనం మిగిలేదాకా
తొట్టిని తోడుతూనే ఉంటాయి.

నీవెస్ సీసియం పొయ్యిని వేలితో తాకి చూస్తుంది.
తాకరాదని గోడ మీద రాసింది కూడా తనే.

వింత లోహం సీసియం.
అరచేతి వెచ్చదనానికే కరుగుతుంది,
తడి తగిలితే భగ్గుమంటుంది,
చేతిలో ఉన్నది ఎవరికైనా ఇచ్చేస్తే తప్ప
నిద్రపట్టని మనుషులుంటారే, అలాంటిది.
దాని ఆవిరి జల్లెడ ముఖాన
ఒక్క అణువు మందాన పరుచుకుంటే చాలు,
దారినపోయే హైడ్రోజన్ ఆ గోడకి గుద్దుకుని
వెనక్కి తిరిగేటప్పుడు
ఒక ఎలక్ట్రాన్ పట్టుకుపోతుంది.
నోటు లేదు, సాక్షి సంతకం లేదు.
చేబదులు.

ఇక లాగడం తేలిక.
అప్పున్నవాడినే కదా ఎవరైనా గుంజగలిగేది!
వోల్టేజీ వాణ్ణి మెడబట్టి
ఒక జల్లెడలోంచి ఇంకో జల్లెడలోకి ఈడుస్తుంది.
పరుగు బాగా అందుకున్నాక, ఆగకుండానే,
పల్చటి వాయువు గుండా పోతూ
తెచ్చిన బదులు అక్కడే విడిచేయాలి.
ముందున్నది అయస్కాంతపు కంచె మరి:
ధనం ఉన్నా ఆపుతుంది, ఋణం ఉన్నా ఆపుతుంది.
రెండూ లేనివాడు
కంచె ఉందనైనా తెలియకుండా లోపలికెళ్ళి
మంటకి తన వేడి కలుపుతాడు.

ఆ మంట ఇక్కడ లేదు.
వేరే దేశంలో దానికింకా గోడలు లేస్తున్నాయి.
బదులు తీర్చే గది కూడా ఇక్కడ లేదు.
మేం పరీక్షిస్తున్నది
అప్పు పుట్టే చోటు ఒక్కటే.
కిరణం నాలుగడుగులు వేసి
కార్బన్ పలకకి తలకొట్టుకుని ఆగిపోతుంది.

నాలుగు వేల నాలుగు వందల పదిహేడో షాటు.
పరారుణ కెమెరాలో పలక మీద చుక్కల వరసలు.
ఐదో వరసలో ఒకటి లేదు,
ఊడిన పన్నులా.
సాఫ్ట్‌వేరు, అన్నాడు లోరిస్.
అయస్కాంతం జరిగింది, అంది డాక్టర్ వెండ్రమిన్.
నీవెస్ కాఫీ కప్పు అడుగు చూస్తూ
"ఏదో అడ్డం పడింది" అంది.

ఆ ఒక్క మాటకి పదకొండు రోజులు.
విప్పడం, కడగడం, ఆరబెట్టడం.
ముఖానికి మాస్కు, నుదుటి మీద దీపం,
మోకాళ్ళ మీద నీవెస్.
ఆమె తాత సైకిల్ మీద ఊరూరా తిరిగి
పిండి జల్లెళ్ళు బాగుచేసేవాడట.
జల్లెడని ఎండకి ఎత్తిపట్టి
"కన్నాలు చూడకు పిల్లా,
నేల మీద పడ్డ వెలుగు చూడు" అనేవాడట.
అవతలి వైపు లోరిస్ తెల్ల కాగితం పట్టుకున్నాడు,
చేతులు నొప్పెడుతున్నాయని గొణుగుతూ.
కాగితం మీద వందల వెలుగు గింజలు.
ఒకచోట నీడ.

పట్టకారుకి వచ్చింది రాగి పెచ్చు,
నూకలో సగం ఉంటుంది.
పారేయలేదు. జామ్ సీసాలో వేసింది.
ఇరవై రెండేళ్ళ పెచ్చులున్నాయి అందులో.

మళ్ళీ మూత, మళ్ళీ పంపులు,
మళ్ళీ ఆ పొయ్యి, రాత్రంతా, నింపాదిగా.
డిసెంబరులో ఒక మధ్యాహ్నం
పది సెకన్ల కిరణం.
పళ్ళన్నీ ఉన్నాయి.
కంట్రోల్ రూంలో ఎవరూ చప్పట్లు కొట్టలేదు.
లోరిస్ మాత్రం కుర్చీని ఒక చుట్టు తిప్పాడు.

మార్చిలో ఆమె రిటైరవుతుంది.
అవతలి మంట వెలిగేనాటికి తనెక్కడుంటుందో
మేం అడగలేదు, ఆమె అనలేదు.
లాగ్ పుస్తకంలో పెన్నుతో రాసింది:

"ఐదో వరస బాగుంది.
తొమ్మిదో వరసలో చివరిది కాస్త మసక.
కప్పు కింద పైపు చెమరుస్తోంది, గుడ్డ కట్టాను."