చేనే ఇంటికొచ్చింది

పంట ఇంటికొచ్చిందా అని అడుగుతారు మావైపు.
ఇక్కడ, హెర్‌ఫర్డ్‌షైర్‌లో,
నవంబరు మొదటి బుధవారం
చేనే ఇంటికొచ్చింది.

రాత్రి డ్యూటీ దిగి వచ్చేసరికి
వంటగదిలో చీలమండ లోతు ఎర్రబురద.
ఇంటావిడ హెస్టర్ ప్రీస్ కుర్చీ ఎక్కి
టార్చి వేసి చూస్తోంది, అరవడం లేదు.
పిల్లి గిన్నె తేలుతూ పోయి
పొయ్యి కింద ఆగింది.
ఫ్రిజ్ తలుపు సందులో
మొక్కజొన్న దంటు ముక్క.

పైన వాలులో పదిహేడెకరాలు.
కోత యంత్రం ఆలస్యంగా దొరికింది,
తడి నేల మీదే తిరిగింది.
దాని టైర్ల చాళ్లు పైనుంచి కిందికి
నీళ్లకి దారి చెప్పినట్టు.
తరవాత ఏమీ చల్లలేదు.
కొయ్యకాళ్లు, వాటి మధ్య ఒట్టి నేల.
నెలరోజుల వాన
ఒక్క రాత్రి కురిసింది.

రోజూ బస్సులోంచి చూసేవాణ్ణి ఆ ఎరుపుని.
మా చెలక రంగే అని మురిసిపోయాను కూడా,
అబద్ధమెందుకు.
నాలుగు పొరలు తొడుక్కుని
కిటికీ పక్కన కూచున్నవాడికి
ఆ నేల ఒంటిమీద నూలుపోగు లేదని
తట్టలేదు.

తెల్లారాక గెథిన్ ప్రాసర్ వచ్చాడు, పారతో.
"రై విత్తనాలు కొన్నాను,
బస్తాలు కొట్టంలోనే ఉన్నాయి" అన్నాడు.
ఇంకేదో అనబోయి పార చూసుకున్నాడు.
హెస్టర్ టీ ఇవ్వలేదు.
గుమ్మంలో బూట్లు విప్పమంది.
అంత బురదలోనూ! అలవాటు కాబోలు.

మధ్యాహ్నం దాకా ముగ్గురం ఎత్తాం.
అది అడుగు మట్టి కాదు,
ఎరువు తిన్న పైపొర,
అతని తాత రాళ్లేరిన పొర.
ఒక పారలో వానపాము మెదిలింది.
హెస్టర్ దాన్ని చెంచాతో తీసి
జెరేనియం కుండీలో వేసింది.

కౌన్సిల్ లారీ వచ్చింది.
నాకిచ్చెయ్యండి, నా మట్టే అన్నాడు గెథిన్.
రోడ్డెక్కాక అది మట్టి కాదట,
చెత్తట.
డ్రైవరు కాగితం చూపించాడు, పాపం, తల దించుకునే.

వంతెన కింద వై నది
చింతపండు చారులా పోతోంది.
మేం ఎత్తింది ఎంత,
అది ఎత్తుకుపోయింది ఎంత.

సాయంత్రం మళ్లీ డ్యూటీకి బయల్దేరాను.
బూట్ల అడుగున గట్టిపడిన మట్టి.
గేటు దగ్గర విదిలించబోయి ఆగి,
కంచె దాకా నడిచి
అవతలికి విదిలించాను.
గుప్పెడు కూడా ఉండదు.
బస్సు తప్పిపోయింది.