చివరి వీధి

ధనకోటి మెట్రో వాటర్లో వాల్వ్ తిప్పే మనిషి.
ఈ సంగతి వాళ్ళావిడ వళ్ళెమ్మ చెప్పింది,
సంతకం పెట్టాల్సిన కాగితం చేతిలో పట్టుకుని,
నేను అడగని ప్రశ్నకు జవాబుగా.
"తెల్లారి మూడింటికల్లా లేస్తాడమ్మా. పులియాంతోపులో
ఆయన తిప్పితేనే నీళ్ళు. చప్పుడు విని మరీ తిప్పుతాడు.
ఇవాళ చెప్పు తొడుక్కోలేకపోయాడు."

చివరిసారి బాగున్నది ఎప్పుడు?
"రెండున్నరకి. దోమతెర సరిగా దోపలేదని తిట్టాడు.
స్పష్టంగానే తిట్టాడు."
రాసుకున్నాను. రెండున్నర. మాట స్పష్టం.

ఇప్పుడు బల్ల మీద
కుడి చెయ్యి ఎవరో మర్చిపోయి వెళ్ళిన సంచీలా ఉంది.
మెదడుకు ఎడమవైపు, పెద్ద గొట్టంలో గడ్డ.
ఇళమారన్ తొడ దగ్గర సూది దింపుతున్నాడు.
అక్కణ్ణించి తీగ పైకెళ్ళి దాన్ని పట్టుకు రావాలి.
ఆ పని అతనిది. అందరూ చూసే తెర అతనిది.
నాది పక్కనున్న చిన్న తెర,
దాని మీద ఒక ఎర్రటి అంకె.

నూట డెబ్భై రెండు.
ఎక్కువే. కానీ తొందరపడి ముట్టుకోకూడని ఎక్కువ.
పెద్ద లైను మూసుకుపోయినప్పుడు
సందుల్లోంచి, దొడ్డిదారుల్లోంచి,
చిటికెనవేలంత లేని పైపుల్లోంచి
చివరి వీధికి రెండు బిందెలైనా చేరుతున్నాయంటే
ఆ తోపు వల్లనే.
కొన్ని ఇళ్ళు అప్పటికే ఆరిపోయాయి, వాటికేం చెయ్యలేం.
వాటి చుట్టూ ఇంకా బిందెలు పట్టుకుని నిలబడ్డవాళ్ళున్నారు.

అతను కదులుతున్నాడు. కదిలితే తీగ గుచ్చుకుంటుంది.
మత్తివ్వాలి. మత్తిస్తే ఒత్తిడి జారుతుంది.
ఇంతే. నా ఇరవయ్యేళ్ళ చదువు
ఈ రెండు మాటల మధ్య ఇరుక్కుని ఉంది.

పాలరంగు మందు. కొంచెం. ఆగాను. ఇంకొంచెం.
నూట యాభై ఎనిమిది. నూట నలభై ఒకటి.
"కయల్, రెండో పంపు పెంచు."
నూట ఇరవై ఆరు.
రక్తనాళాల్ని బిగించే మందు
సన్నని ట్యూబులో నడుచుకుంటూ వచ్చేదాకా
గదిలో ఎవరూ దగ్గలేదు.

ఒకప్పుడు, ఇంకో ఆస్పత్రిలో, ఒక టైలరమ్మ.
అంకె తొంభై ఎనిమిదికి పడి
పదకొండు నిమిషాలు లేవలేదు.
గడ్డ మాత్రం చక్కగా వచ్చింది, గాజుగుడ్డ మీద పెట్టి
ఫొటో కూడా తీసుకున్నారు.
తర్వాత ఆమె కత్తెరని దువ్వెన అంది. దారాన్నీ దువ్వెనే అంది.
అది నా వల్లేనని ఎవరూ అనలేదు.
కాదనీ అనలేదు.

నూట ముప్ఫై ఒకటి.
నూట నలభై ఎనిమిది. అక్కడే ఉండు నాయనా.

"వందుడుచ్చు" అన్నాడు ఇళమారన్. వచ్చేసింది.
తెర మీద నల్లటి కొమ్మలు ఒక్కసారి విచ్చుకున్నాయి.
అందరూ ఊపిరి వదిలారు. నేను వదల్లేదు.
ఇందాకటిదాకా ప్రాణంలా చూసుకున్న అంకే
ఇప్పుడు పగబట్టగలదు.
రెండు గంటలు ఎండిన పాత పైపులోకి
చక్రం పూర్తిగా తిప్పి నీళ్ళు వదిలితే ఏమవుతుందో
ధనకోటినే అడగండి.
భుజం ఆనించి నిలబెట్టినదాన్ని
బుజ్జగించి దించాలి,
మరీ దించకుండా.

ఐదూ పది. చేతి తొడుగులు విప్పుతూ బయటికొస్తే
వళ్ళెమ్మ ఎవరితోనో ఫోన్లో అరుస్తోంది:
"రాడు, ఇవాళ రాడు, మీరే తిప్పుకోండి.
ఒకేసారి తిప్పబాకండయ్యా, కొసన పగిలిపోద్ది!"
నన్ను చూసి ఫోను పెట్టెయ్యడం మర్చిపోయింది.
ఎవరో అవతల్నించి హలో, హలో అంటూనే ఉన్నారు.

మర్నాడు వార్డులో
తన పేరు చెప్పాడు. వళ్ళెమ్మ పేరు సగం చెప్పాడు.
ఏం పని చేస్తారు, అని అడిగాను.
నోరు తెరిచి వెతుక్కున్నాడు. దొరకలేదు.
దుప్పటి మీద కుడి చెయ్యి కొంచెం లేచి,
లేని చక్రాన్ని పట్టుకుని
పావు చుట్టు తిప్పి
ఆగింది.

తల ఒకపక్కకి వంచాడు,
ఏదో వినపడాలన్నట్టు.