రిమార్కుల గడి

బర్కాల, సముద్రాన్ని తాగే నీళ్లుగ మార్చే ప్లాంటుల
నాది రాత్రి డ్యూటీ.
గంటకోసారి మీటర్లు చూసి రిజిస్టర్ల ఎక్కియ్యాలె:
ఒత్తిడి ఎంత, ఉప్పు ఎంత, వేడి ఎంత.
చివర్న రిమార్కులని ఒక గడి.
ఆరేండ్లాయె, దాంట్ల "ఏమీ లేదు" అనే రాసుకుంట వచ్చిన.

రూముల నా కింది మంచం పోశెట్టిది, ఆర్మూరు దిక్కు.
ఎదురు మంచం ఖాసింవలిది, నంద్యాల.
ఇద్దరూ కవులే. ఇద్దరికీ ఆత్మతోనే పేచీ.
బేస్తారం రాత్రి పొయ్యి మీద పప్పు పెట్టంగనే మొదలు.

పోశెట్టి గంజు మూత మీద దరువేస్తడు:
"ఒలిచినా ఒడవని ఉల్లిగడ్డరా ఇది
ఒలిచే చెయ్యి ఎవ్వనిదిరా, ఎర్రి పోశెట్టి!"
వాళ్ల తాత భజనల నేర్పిన ఒడుపు.
తిట్టినట్టే ఉంటది అతని వేదాంతం.
తోలు నువ్వు గాదు, బొక్క నువ్వు గాదు,
బతాకా మీది ఫొటో అసలే గాదు.
ఒక్కొక్కటి తీసి పారేసుకుంట పోతడు
జీతం చీటిల కోతల్లెక్క.

ఖాసింవలి దరువెయ్యడు.
టైంషీటు వెనక పెన్సిలుతో రాసింది
గొంతు తగ్గించి చదువుతడు:
"నువ్వు పిలవలేదని నేను తలుపు తియ్యలేదు
నేను తలుపు తియ్యలేదని నువ్వు పిలవలేదు
మనిద్దరి నడుమ, వాకిట్లో, ముసలిదైపోయింది రాత్రి."
అతనికి ఆత్మ ఒలిచి చూసేది గాదు, కరిగిపోయేది.
"చాయ్‌లో సక్కెర యాడుందో తీసి సూపీప్పా" అంటడు.
"చాయ్ పారబోస్తే తెలుస్తది" అంటడు పోశెట్టి.
ఈలోపు చాయ్ చల్లారుతది.

నన్ను తీర్పు చెప్పుమంటరు.
నాకు తెలిసిందల్ల నీళ్ల సంగతి.
నీళ్లు ఉప్పును ఉత్తగ ఇడువయి.
అరవై బార్ల ఒత్తిడి పెట్టి
కంటికి ఆనని సందులకెల్లి నూకాలె.
అప్పుడు గూడ సగం నీళ్లు ఒప్పుకోవు,
రెండింతల ఉప్పు నెత్తికెత్తుకొని
మళ్ల సముద్రానికే మర్లిపోతయి.

"చూసినవా, వడగట్టుడే సాధన" అన్నడు పోశెట్టి.
నేను ఇంకా ముగించలే.
అట్ల కడిగిన నీళ్లు పైపులనే తింటయి.
అందుకే సున్నపురాళ్ల మీదికెల్లి పారిచ్చి
ఇంత మట్టిగుణం మళ్ల కలిపి ఊర్లకు ఇడుస్తం.
"చూసినావా!" అన్నడు ఖాసింవలి.
నాకు పప్పు మాడిన వాసన తప్ప ఏం తెల్వలే.

ఫిబ్రవరిల సముద్రానికి నాచు వట్టింది.
నీళ్లు గుంజే నోర్లు మూసేసిండ్రు.
ఆరేండ్లల మొదటిసారి మిషిన్ల మోత ఆగింది,
చెవులల్ల ఎవరో తవ్వినట్టు ఒక ఖాళీ.
ముగ్గురం ఒడ్డుకు నడిచినం.
పగలంత పచ్చగ కంపుగొట్టిన నీళ్లు
అల విరిగినప్పుడల్ల నీలంగ అంటుకొని ఆరుతున్నయి.

అన్నీ ఇడిచిపెట్టాలనే పోశెట్టి
లుంగి ఎగ్గట్టి దిగిండు, నడుముదాక పోయిండు.
ఆ వెలుగును దోసిళ్లకొద్ది పట్టి
మొఖానికి, రొమ్ముకు, చంకలకు రాసుకుంటున్నడు.
ఇంకింత, ఇంకింత అంటున్నడు,
జాతరల పిల్లగాని లెక్క.

కలిసిపోవాలనే ఖాసింవలి
తడి ఇసుక మొదలయ్యే కాడ నిలవడ్డడు,
పోశెట్టి చెప్పులు రెండూ సంకల పెట్టుకొని.
రమ్మంటె, "నాకు ఈత రాదప్పా" అన్నడు
నాకొక్కనికే ఇనవడేటట్టు.

నవ్వబోయిన. నవ్వు రాలే.
నా చెయ్యి జేబుల పెన్నును తడుముతున్నది.

ఆ రాత్రి రిజిస్టర్ల ఒత్తిడి సున్న, ఉప్పు సున్న.
చివరి గడిల తెలుగుల రాసిన:
"సముద్రం వెలిగింది. ఒకడు దిగిండు.
ఒకడు చెప్పులు కాపలా కాసిండు.
నేను లెక్క చూస్తున్ననని మరిచిపోయిన."

తెల్లారి సూపర్‌వైజర్ యాఖూబ్
ఇదేం లిపి అని అడిగి, కొట్టేసి,
పక్కన ఒక్క ముక్క రాసిండు: నాచు.
అది గూడ తప్పు గాదు.