రెండో కాగితం

మండల శిక్షణలో మూడు రోజులు కూర్చోబెట్టి
ఒక వృత్తం గీయడం నేర్పించి పంపారు నన్ను.
నడిమధ్య "నేను".
చుట్టూ, నేర్చుకోవడానికి ఎవరెవరున్నారో, ఏమేమున్నాయో.
బతికినన్నాళ్లూ పనికొస్తుందట.
టీ బాగుంది, అది మాత్రం నిజం.

కోసిగి హైస్కూల్లో తొమ్మిదో తరగతి, బి సెక్షన్.
యాభై రెండు కాగితాలు పంచాను.
యాభై ఒకటిలో ఒకటే జవాబు:
సారు. పుస్తకము. సెల్లు.
ఆ చివరి "ము" ఎక్కడినుంచి తెస్తారో,
పరీక్ష వాసనొస్తే చాలు
మా పిల్లల చేతులకు "ము" అంటుకుంటుంది.

మర్నాడు ప్రశ్న మార్చాను.
ఎవరూ మార్కులెయ్యకుండా ఈ మధ్య నీకొచ్చిన పనేంది?
ఎవరి దగ్గర వచ్చింది?
వెనక బెంచీ మొదటిసారి ముందుకు జరిగింది.

దస్తగిరి మోటారు వైండింగు గీశాడు,
రాగితీగ చుట్లు లెక్కపెట్టే మేనమామతో సహా.
ఖాజాబీ గీత రైల్వే గేటుదాకా పోయింది.
పద్దెనిమిది నలభై అంటే సాయంత్రం ఆరూ నలభై అని
గేటుమాను చెప్పేదాకా తనకు తెలీదట.
తాయన్న వాళ్లవ్వ పేరు పక్కన రాశాడు:
"కన్నడం. తిట్లు మాత్రమే."

ఉరుకుందమ్మ కాగితం ఇవాళ కూడా తెల్లగానే ఉంది.
"ఏమ్మా?"
"ఇంగో కాగితం ఇయ్యి సార్. ఇది సాలదు."

గమ్ము పూసి రెండూ అతికించింది.
ఈ కాగితం కోసిగి. ఆ కాగితం గుంటూరు పక్క,
దీపావళి పోయినాక టెంపోలో పోయి
ఉగాదికి తిరిగొచ్చే మిరప చేలు.
హాజరు పట్టీలో నేను నెలల తరబడి
సున్నాలు చుట్టుకుంటూ పోయిన చోట
ఆ పిల్లకు ఇంతమంది ఉన్నారు.

మందుల షాపాయన: మాత్రల అట్ట మీద తారీఖు చదవడం.
రాయగడ నుంచొచ్చిన సుకాంతి: మూడిటుకల్తో పొగ రాని పొయ్యి
(ఒకరి మాట ఒకరికి రాదంట, చేతులే).
మేస్త్రీ: కూలి పుస్తకంలో తరుగు ఎట్ల రాస్తారో.
ఆయన నేర్పలేదు. ఈమె భుజం మీంచి చూసింది.

గీతలు కొన్ని నిండుగా, కొన్ని చుక్కలుగా ఉన్నాయి.
"చుక్కలేంటికమ్మా?"
"వాళ్లు మళ్లా దొరుకుతారో లేదో సార్."

సిగ్గు లేకుండా నా పేరు వెతుక్కున్నాను.
ఉంది. మొదటి కాగితం మూల.
చుక్కలే.

ఆ రాత్రి నా పటం గీసుకున్నాను.
డిగ్రీ. బీఈడీ. అట్ట ఊడిన ఒక నిఘంటువు.
పన్నెండేళ్లుగా పలకరించుకోని ఇద్దరు స్నేహితులు.
నలభై రెండేళ్ల మనిషికి
ఒక్క కాగితంలో సగం మిగిలిపోయింది.

టెంపో కదిలే రోజు పటం వెనక నా నంబరు రాశాను.
"ఫోను యాడుంది సార్ మాకు" అంది.
"మందుల షాపాయనకు ఉంటుంది గదా" అన్నాను.
ఒక గీతను ఇంకో గీతకు ముడెయ్యొచ్చని
శిక్షణలో చెప్పలేదు.
నాకూ ఆ నిమిషందాకా తోచలేదు.

మాఘమాసం. ఎనిమిదో తరగతికి బీజగణితం మధ్యలో
తెలియని నంబరు.
"సార్, నూటికి మూడు తరుగంటే
పదిహేడు కిలోలకు ఎంత పోతాది?"
"నీకెంతొచ్చింది?"
"అర కిలో. పైన ఓ చిటికెడు."
"సరిపోయిందమ్మా."
"మేస్త్రీ కిలోన్నర రాసినాడు."
గొంతులో ఏడుపు లేదు. లెక్క ఉంది.
వెనక ఎవరో దగ్గుమందు అడుగుతున్నారు.
"ఇంతకీ ఏ ఊరమ్మా అది?" అన్నాను.
ఫోను అప్పటికే ఆయన చేతికి పోయింది.

నంబరు దాచుకుందామంటే పేరు అడిగింది సెల్లు.
ఉరుకుందమ్మ, అని కొట్టి
ఊరి దగ్గర ఆగిపోయాను.
ఆరో తరగతి నుంచీ ఆ పిల్లకు హాజరు వేస్తున్నా.
అడగలేదు, ఒక్క ఏడూ.