కాకి పోయే దూరం

కోసిగి మండల వనరుల కేంద్రం.
మూడు రోజుల శిక్షణలో రెండో రోజు.
గోడకు కొత్త ప్యానెల్, దాని మీది ప్లాస్టిక్ పొర
ఇంకా ఎవరూ పీకలేదు, పాడవుతుందేమోనని.
నేను కర్నూల్లో బయల్దేరి ఆదోనిలో బస్సు మారి వచ్చిన ట్రైనర్ని.
వయసు ఇరవై తొమ్మిది, స్లైడ్లు అరవై నాలుగు.

"వేలితో రాయొచ్చు సార్" అన్నాను.
"రెండు వేళ్లతో ఇట్లా లాగితే పెద్దదవుతుంది."
నలభై తలలు ఊగాయి.
బళ్లో నేనూ అట్లాగే ఊపేదాన్ని,
అర్థం కాలేదని చెప్పడం ఇష్టం లేక.

చివరి బెంచీ నుంచి బందెనవాజ్ సారు లేచారు.
ఇంకా పద్నాలుగు నెలల సర్వీసు.
"అయ్యో సార్, వద్దు!" అని నేననేలోపే
జేబులోంచి సుద్దముక్క తీసి
ప్యానెల్ మీద గీత గీశారు.

గీత పడింది.
నల్లగా, సన్నగా, తిన్నగా.
దానికి వేలైనా సుద్దైనా ఒకటేనట,
నా అరవై నాలుగు స్లైడ్లలో ఆ సంగతి లేదు.
అలవాటుగా అరచేత్తో తుడిచారు. పోయింది.
చెయ్యి దులపబోయి
దులపడానికేమీ లేక
అరచేతిని కాసేపు చూసుకున్నారు.

మధ్యాహ్నం నమూనా పాఠాలు.
ఒకామె గుండెకాయను తిప్పి తిప్పి చూపించింది, చప్పట్లు.
ఒకాయన సౌర కుటుంబం. శనిగ్రహం దగ్గర కరెంటు పోయి
కాసేపు నల్లటి తెరలో మా ముఖాలే కనిపించాయి.

తర్వాత బందెనవాజ్ సారు.
"ఐదో తరగతి. లెక్కలు. పాఠం, దూరం."
మ్యాపు తెరవమన్నారు.
రెండు వేళ్లతో, జొన్నరొట్టె అంచు సాగదీసినట్టు మెల్లగా,
తమ ఊరి బడిని వెతికి పట్టుకున్నారు.
రేకుల కప్పు, పక్కన బోరింగు, అంతే.
అక్కడొక చుక్క పెట్టారు.
తూర్పుకు జరిపారు, జరిపారు,
నల్లమల దాటించి
గుంటూరు దగ్గర ఓ మిరపచేలో రెండో చుక్క.

"నా క్లాసులో ముప్పై ఎనిమిది మంది.
ఈ వారం హాజరు పదకొండు.
గిడ్డయ్య, ఉరుకుందమ్మ, లక్ష్మన్నలిద్దరూ,
అందరూ అమ్మానాయినల యెంట సుగ్గికి పోయినారు.
ఈ రెండు చుక్కలూ కలపండి మేడం."

కలిపాను. మూడొందల నలభై కిలోమీటర్లంది మ్యాపు.

"అది కాకి పోయే దూరం.
బొలేరోలో ముప్పై మంది నిలబడి పోయే దూరమెంత?
రాత్రి ఎనిమిదికి ఎక్కితే ఎప్పుడు దిగుతారు?
కిలోకింతని కాయ కోస్తే
ఎన్నాళ్లకు బండి బాడుగ తీరుతుంది?
ఇవి ఉన్న పదకొండు మందికీ లెక్కలు.
పోయినోళ్లకు వేరే పాఠం" అని
ఫోన్లో మేస్త్రీ నంబరు వెతికి,
దాన్ని తెరకెట్లా కలపాలో నన్నడిగారు.
అది నాకు తెలుసు. ముప్పై ఏడో స్లైడు.

ముందు ఆకాశం కనిపించింది, తర్వాత ఎవరిదో చెవి,
తర్వాత ఎర్రటి కల్లం. దాని అంచున ఓ పిల్ల
మోచేత్తో కళ్లు నులుముకుంటూ.
"ఉరుకుందమ్మా, ఎంత దూరంలో ఉండావే?"
"ఈడనే సార్."

నలభై మందిమీ నవ్వబోయాం.
సారు నవ్వలేదు.
"మూడో ఎక్కం చెప్పు" అన్నారు.
చెప్పింది. పద్దెనిమిది దగ్గర ఎవరో పిలిస్తే పోయింది.

సాయంత్రం అభిప్రాయ పత్రాలు పోగేశాను.
శిక్షణ ఉపయోగపడిందా? అవును, కాదు.
అందరూ అవునుకే టిక్కు పెట్టారు.
ఆయన రెండిటికీ పెట్టలేదు, కింద
గుండ్రటి అక్షరాల్లో
"పిల్లోళ్లు వచ్చినాక చెప్తా."

కంప్యూటర్లో ఎక్కించడానికి అట్లాంటి గడి లేదు.
నా రిపోర్టులో ఒకరు తక్కువున్నారని
ఆఫీసు నుంచి రెండుసార్లు ఫోన్ చేశారు.