వినబడలేదు

పొద్దున అద్దంల చూస్కుంటే
చెవుల మీద నల్లటి పొట్టు.
మా అక్క కొడుకు అడిగిండు,
"చిన్నమ్మా, నీ చెవులల్ల చీమలున్నయా?"
చీమలు గావురా,
నాలుగేండ్ల హెడ్‌ఫోన్ తోలు.
చెమటకు నాని, ఎండకు పెళుసై
మాడిన దోసె అంచులెక్క రాలుతుంది.
లోపలి స్పంజి అప్పడమైంది.
ప్లాస్టిక్ వచ్చి ఎముకను తాకుతుంది,
కండ్లద్దాల కాడ రెండు గంటలకే సలుపు.

నా పని వినుడు.
పట్నం నుంచి రికార్డింగులు వస్తయి,
వలస కూలీల మాటలు, గంటలకు గంటలు.
విన్నది విన్నట్టు టైపు జెయ్యాలె.
అర్థంగాని కాడ బ్రాకెట్టు పెట్టి
"వినబడలేదు" అని రాయాలె.
ఊట్కూరు కుర్మక్క ఫైలుల
పద్నాలుగు సార్లు రాసిన.
ఆమె గొంతుదే తప్పనుకున్న.
బీడీ గొంతు, పండ్లు లేని నోరు,
ఎనుక ఏదో గిర్నీ ఆడుతున్నది అనుకున్న.

కొత్తది కొందామంటే మూడువేల ఆరొందలు.
ఉత్త ప్యాడ్లు నా మోడల్‌కు దొరకలే.
మెట్టుగడ్డల ఆటో సీట్లు కుట్టే
జిలానీ కాడికి వోయిన.
కోడిపిల్లను తిప్పి చూసినట్టు చూసిండు.
"ఇంత చిన్న సీటు ఎన్నడు కుట్టలే బిడ్డా,
కూసునేది ఎవరు?"
"చెవులు" అన్న.

రెగ్జిన్ వద్దన్నడు, ఉడుకుతదట.
ఎవరి కారుదో మిగిలిన మెత్తటి తోలు తీసి
సాసర్ బోర్లించి బయటి గీత,
చాయ గ్లాసు బోర్లించి లోపటి గీత.
స్పంజి రెండు వేళ్ళ మందం.
ఒక కుట్టు నచ్చక ఊడదీసి మళ్ళ ఏసిండు:
"సందుంటే గాలి పోతది.
గాలి పోతే టైరైనా చెవైనా ఒకటే."
నూట ఇరవై అడిగిండు. నూటయాభై ఇస్తే
మిగిలిన ముప్పైకి చాయ తెప్పిచ్చిండు, ఇద్దరికి.

అంచును గాడిలకు ఎక్కిచ్చేటప్పటికి
రాత్రి రెండు గోర్లు ఇరిగినయి.
పెట్టుకున్న.
ఎవరో ఎనుకకెల్లి వచ్చి
రెండు అరచేతులతోటి చెవులు మూసినట్టు.
కూలర్ పోయింది,
రాయచూరు రోడ్డు లారీలు పోయినయి.
కుర్మక్క మళ్ళ మొదలైంది.

గిర్నీ గాదు అది. ఇసుర్రాయి.
ఆమె కందులు ఇసురుకుంట మాట్లాడుతుంది.
ఆ గరగర కింద ఆమె గొంతు
బాయి అడుగు నీళ్ళలెక్క, తేటగ.
ఇన్నొద్దులు నా చెవి అంచుల సందుల నుంచే
కారిపోయిందన్నట్టు.

మొదటి ఖాళీల "పూనా దాటినంక" అంటుంది.
ఐదో కాడ ఉత్త దగ్గు, దగ్గు అనే రాసిన.
తొమ్మిదో కాడ పెనిమిటిని తిట్టింది,
ఎంత చక్కగ తిట్టిందో
ఒక్క అక్షరం పోనియ్యలే.
తెల్లారేటాల్లకు పదమూడు నిండినయి.

పద్నాలుగోది ఇరవైరెండో నిమిషం.
రికార్డు చేసే పిల్ల అడుగుతుంది,
"అడ్వాన్సు ఎంత? ఎట్ల తీర్చిన్రు?"
ఇసుర్రాయి ఆగింది.
కుర్మక్క ముంగటికి వంగినట్టుంది,
మైకు దిక్కు గాదు, ఆ పిల్ల చెవి దిక్కు.
చెప్పింది. మొత్తం చెప్పింది.
ఆఖరుకు,
"ఇది రాయకు బిడ్డా."
మళ్ళ కందులు, మళ్ళ గరగర.

నాలుగు సార్లు ఎనుకకు తిప్పి విన్న.
జిలానీ కుట్టు గట్టిది, ఒక్క మాట జారలే.
బ్రాకెట్టు నడుమ కర్సర్
శానాసేపు కండ్లార్పింది.

పదమూడు దిద్ది పంపిన.
పద్నాలుగో కాడ పాత మాటనే ఉండనిచ్చిన.

మధ్యాహ్నం పట్నం నుంచి ఫోను:
"ఆ ఒక్కటీ ఇంకోసారి విని చూడండి మేడం,
మిగతావన్నీ దొరికాయి కదా."
"ప్యాడ్లు పాతయి సార్" అన్న.
కొత్త తోలు వాసన
ఇంకా చెవుల మీదనే ఉంది.