మడత

బేస్తవారం బేస్తవారం బొల్లారంల బస్సెక్కి
లాల్‌బజార్ల దిగుత.
సంచిల టేపు, సుద్దబిళ్ల, దారపుండలు, రెండు కత్తెర్లు.
గేటు కాడ జవాను కత్తెర్లు బయటికి తీపిస్తడు,
బుక్కుల రాసుకుంటడు, మల్ల నా చేతిల్నే పెడతడు.
మూడేండ్ల సంది ఇదే తంతు.

మిలట్రీ దవాఖానల నా పని జరంతదే.
చెయ్యి పోయినోళ్ల అంగీలకు గుండీలు పీకి
చర్రుమని ఊడే పట్టీలు కుడుత.
నా లెక్క ఇంకొందరొస్తరు.
యాదగిరి సారు, రైల్వేల గార్డు చేసిన మనిషి, గడ్డాలు గీస్తడు,
గడియారం చూడకుండ పని చేసుడు ఈడ్నే నేర్చిన అంటడు.
ఖుర్షీద్ ఆపా, వాళ్ల వెంట వచ్చిన ఆడోళ్లకు
ఏ బస్సు ఏడికి పోతది, అద్దె గది ఏ గల్లీల దొరుకుతది చెప్తది.
అస్సాం పిల్ల జునమణి ఆపా దగ్గర నేర్చిన మొదటి మాట
నక్కో.
చాయ్ తాగుమంటే నక్కో,
గదికి పోయి జరసేపు పండుమంటే నక్కో.

ఒకనాడు డాక్టరమ్మ అడిగింది,
రూపాయి రాదు, ఇంత దూరం ఎందుకొస్తవు సులోచనా అని.
ఇంట్ల కూసుంటే కాలు నిలువదు గదమ్మా, అన్న.
అని నాలిక కరుసుకున్న.
కాళ్ల మాటలు ఎన్నున్నయో మన భాషల,
ఆ వార్డుల నిలబడితెనే తెలుస్తది.
కిటికీ పక్క మంచం పిలగాడు పక్కున నవ్విండు,
"మాది సుత నిలుస్తలేదు పెద్దమ్మా!"

కొత్తల నాకు తెల్వదు.
హుస్నాబాద్ పిలగాడొకడు, పేరు కనకరాజు,
ప్యాంటు ఇచ్చి మోకాలు కాడికి చెయ్యుమన్నడు.
కొలిచి, సుద్దతోని గీసి, కసుక్కున కత్తిరించిన.
ముక్క నేల మీద పడ్డది.
దాని మీద ఇస్త్రీ గీత ఇంక నిలబడే ఉన్నది.
వాడు ఏమనలే. వంగి అందుకోబోయిండు, అందలే.
వాళ్లమ్మ తీసి, దులిపి, మెత్త కింద పెట్టింది.
ఆ రాత్రి నాకు బువ్వ పోలే.

అప్పటిసంది కత్తెర పెట్ట.
పెరిగే పిల్లల లాగులకు
లోపల జానెడు గుడ్డ దాచి కుట్టినట్లు
పైకి మడిచి, దూరం దూరం కుట్లు వేస్త,
ఒక్క దారం గుంజితె ఊడొచ్చేటట్లు.

జునమణి పెనిమిటి దిలేశ్వర్‌ది అట్లనే కుట్టిన, ఎడమ కాలు.
ఎనిమిది నెలలు తొడిగిండు.
పూణెకు పోయి కొత్త కాలు పెట్టిచ్చుకొని వచ్చినంక
కుట్లు నేను విప్పుతనంటే ఇయ్యలే.
బ్లేడు అడుక్కొని, మంచం పట్టె మీద కూసోని
ఒక్కొక్క కుట్టు తనే తెంపిండు.
మడత జారింది.
బయటి గుడ్డ ఉతికి ఉతికి ఎలిసిపోయింది,
లోపలిది కొన్ననాటి రంగుల్నే ఉన్నది.
నడుమ అడ్డంగ ఒక గీత.

నీళ్లు చల్లి ఇస్త్రీ చేసిన, పోలే.
ఇంకోసారి చల్లిన.
జునమణి నా చెయ్యి పట్టుకొని ఆపింది.
నక్కో, అన్నది.

ఆవల మంచం మీదికెల్లి ఎవరో పిలుస్తున్నరు,
గుండీ ఊడిందట.